చెక్క హాస్టల్, కాజీపల్లి పగటి నిద్ర

పొద్దున ఆరూ నలభైకి లింగంపల్లిలో పటాన్‌చెరు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్. కిటికీ పక్కన సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయాను. ఒళ్ళో ఫైలుంది మరి. కాజీపల్లిలో మందుల ఫ్యాక్టరీ కార్మికులకు ఆరంతస్తుల హాస్టల్, పలకలు అతికించి బిగించిన మందపాటి చెక్కతో. ఆర్కిటెక్ట్‌గా నా సొంత పేరు మీద మొదటి పని. అగ్ని భద్రత లెక్కలో అది ఏ రకం కట్టడమో సాయంత్రంలోగా తేల్చి సంతకం పెట్టాలి. మొదటి రకంలో చెక్కనంతా మంట తట్టుకునే జిప్సం బోర్డుతో కప్పేస్తారు, రెండో దాంట్లో కొంత వదలొచ్చు, మూడో దాంట్లో అంతా కనిపిస్తుంది. ఆరంతస్తులకు మూడూ చెల్లుతాయి. ఓనరుకు కనిపించే చెక్కే ముద్దు. నిజం చెప్పాలంటే నాకూ అంతే. ఫారంలో మూడో రకం గడిలో పెన్సిల్‌తో టిక్కు కూడా పెట్టుకున్నాను. అయినా మనసు పీకుతూనే ఉంది.

పటాన్‌చెరులో ఇడ్లీ సగం వదిలేసి షేర్ ఆటో పట్టుకున్నాను. పక్కన టిఫిన్ క్యారియర్లతో మేరీ అక్క, కార్మికులకు వండిపెడుతుందట. ఇప్పుడు వాళ్ళుంటున్న పాత హాస్టల్ చూడ్డానికి వెళ్తున్నానంటే కసిరింది.

"గిప్పుడు పోయి తలుపులు కొట్టకు బిడ్డా. పిల్లగాండ్లు పండుకుంటరు."

పగలెవరు పడుకుంటారని నవ్వేశాను. పగలు గదులు ఖాళీ అనుకునే ప్లాను గీశాను.

తొమ్మిదింబావుకు చేరాను. వాచ్‌మన్ ఖాజా భాయ్ మూడంతస్తులూ తిప్పాడు. వరసగా అన్ని తలుపులకూ తాళాలే. అందరూ డ్యూటీకి వెళ్ళారనుకున్నాను. అంతలో తాళం వేసిన తలుపు వెనక ఎవరో దగ్గారు.

"నైట్ షిఫ్టోళ్లు మేడం," అన్నాడు ఖాజా భాయ్. "డ్యూటీకి పోయెటోడు బయట తాళమేసి పోతడు. తాళం సూస్తె ఎవ్వరు పరేషాన్ చెయ్యరు. మంచిగ నిద్ర పడ్తది."

"మరి లోపలివాళ్ళు బయటికి రావాలంటే?"

"దోస్తుకు ఫోన్ కొడ్తరు. లేకుంటె ఆగుతరు."

అందులో వింతేముందన్నట్టు చూశాడు. నాకు మాత్రం నిప్పంటుకుంటే ఏమిటన్నదే తోచింది. మందపాటి చెక్క నెమ్మదిగానే కాలుతుంది, కానీ కప్పకపోతే అది కూడా మంటకు తోడవుతుంది. బోర్డు కప్పితే కొంత సమయం దొరుకుతుంది. అక్కడే మెట్ల మీద కూర్చుని మూడో గడిలో టిక్కు చెరిపేశాను.

సంగారెడ్డిలో ఓనరు ఆఫీసుకు వెళ్ళేసరికి మూడైంది. మధ్యాహ్నం భోజనం సంగతే మర్చిపోయాను.

"కట్టె కనబడకుంటె కట్టె బిల్డింగ్ ఎందుకు మేడం?" అన్నాడాయన.

తాళాల సంగతి చెప్పాను. మొదటి రకం కాకపోతే నా సంతకం ఉండదని కూడా చెప్పాను. ఆయన ప్లానులో కింది అంతస్తు మీద వేలు పెట్టాడు.

"సరే, కప్పుండ్రి. కింద క్యాంటీన్‌ల మాత్రం జెర కనబడనియ్యుండ్రి."

క్యాంటీన్‌లో ఎవరూ పడుకోరు, రెండు వైపులా పెద్ద తలుపులున్నాయి. వెంటనే రెండో గడిలో టిక్కు పెట్టాను, గదులన్నీ కప్పే షరతు రాసి సంతకం పెట్టాను. గదులకు బయట గొళ్ళెం వద్దన్నాను కూడా.

"మీరు పెట్టకుంటె వాళ్ళే బిగించుకుంటరు. వారం పట్టదు," అని నవ్వాడు.

అయిదుంబావు బస్సులో తిరుగు ప్రయాణం. కంది ఊరు దాటినా ఆ నవ్వు వదల్లేదు. చెక్కకైతే బోర్డు కప్పగలిగాను, తాళానికేం చేయాలో నాకు తెలియలేదు. మీరెవరైనా అటు వెళ్ళినప్పుడు పొగ కనిపిస్తే మేరీ అక్క మాట వినకండి. తాళం ఉన్నా సరే, లోపల ఎవరో ఉన్నారనుకుని ఒకసారి తలుపు కొట్టండి.