తెరచాపకు ఆఖరి కుట్టు

దయ్యాల కథలు చెప్పుకునే గుంపులో నేను ఎప్పుడూ లేను. మా వాడలో ఎవరికి జ్వరమొచ్చినా గాలి సోకిందనేవాళ్లు, నిమ్మకాయలు తిప్పి పారేసేవాళ్లు. చిన్నప్పుడు నేను ఆ నిమ్మకాయలు ఏరుకొచ్చి షర్బత్ చేసుకుని తాగేవాణ్ని. అవ్వ, అంటే మా అమ్మ, నెత్తీ నోరూ బాదుకునేది. నాకేమీ కాలేదు. ఇప్పటికీ దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. కానీ ఎనభైల్లో ఒక చలికాలం నాకు జరిగినదాన్ని ఏమనాలో తెలియక ఇన్నేళ్లూ బయట ఎవరికీ చెప్పలేదు.

మాది వరంగల్. మా నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన టార్పాలిన్లు కుట్టేవాడు. మార్కెట్ పక్కన మాకొక రేకుల షెడ్డు ఉండేది. నర్సంపేట నుంచి, తొర్రూరు నుంచి పత్తి, వడ్లు తెచ్చే రైతులు బండ్ల మీద కప్పుకోవడానికి ఆయన దగ్గరే కుట్టించుకునేవాళ్లు. అంతా చేతికుట్టే. దబ్బనం, మైనం పట్టించిన దారం, అంతే. బాపుది ఎడమచేతి వాటం. అందువల్ల ఆయన కుట్టు ఎడమకు వాలి ఉండేది, మిగతా అందరిదీ కుడికి వాలేది. మార్కెట్‌లో టార్పాలిన్లు ఒకదానికొకటి మారిపోతే కుట్టు చూసి మావి వేరు చేసేవాళ్లు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఎంత పెద్ద టార్పాలిన్ పట్టా కుట్టినా ఆఖరి కుట్టు మేం వేయం. అంగుళం ఖాళీ వదిలి, దారం వేలాడదీసి, తీసుకుపోయేవాడి చేతికి దబ్బనం ఇస్తాం.

"మనం ముగిస్తే అది మనదైతది. వాడుకునేటోడే ముగియ్యాలె," అనేవాడు బాపు.

రైతులు నవ్వుకుంటూ, వేలికి పొడుచుకుంటూ, వంకరటింకరగా ఒక కుట్టు వేసి పట్టుకుపోయేవాళ్లు. తాతల నాటి నుంచి ఉందట. ఎందుకో ఎవరికీ తెలియదు.

డెబ్బైల చివర్లో నేను బొంబాయి వెళ్లి, రేవు దగ్గర ఓడలకు పట్టాలు కుట్టే కార్ఖానాలో చేరాను. ఒకసారి ఒక ఇంగ్లీషు ముసలాయన తన తెరచాప పడవలో వచ్చాడు. దారిలో తెరచాప చిరిగిపోయింది. నేను బాగుచేశాను. పని నచ్చి, నాతో వస్తావా అని అడిగాడు. మధ్యధరా సముద్రంలో మాల్టా అనే దీవి ఉందనీ, తన పడవను అక్కడే ఉంచుతాననీ, ఏడాది పొడుగునా చూసుకునే మనిషి కావాలనీ చెప్పాడు. ఆయన రిటైరైన డాక్టరు, భార్య పోయింది. నేను దొర అని పిలిచేవాణ్ని. మా వైపు దొరలను చూసినవాళ్లకు ఈయన్ని చూస్తే నవ్వొస్తుంది. చెప్పులు కూడా లేకుండా తిరుగుతూ, నాతో పాటు బకెట్ పట్టుకుని పడవ కడిగేవాడు.

వెళ్లే ముందు ఇంటికి వచ్చాను. బాపు సముద్రం ఎన్నడూ చూడలేదు. ఆయనకు ఒకటే అనుమానం.

"గుడ్డ పోయి పడవను ఎట్ల గుంజుతదిరా?"

బొగ్గుతో నేల మీద బొమ్మ గీసి, గాలి ఇటు నుంచి వస్తుంది, పడవ అటు పోతుంది అని చూపించాను. చాలాసేపు దాన్నే చూశాడు.

"ఎప్పుడన్న ఆ గుడ్డ ఇంటికి పట్కరా. నేను సుత నాలుగు కుట్లు ఏస్త," అన్నాడు.

"అది మన ఇల్లంత ఉంటది బాపు."

"ఉండనియ్."

అదే ఆయన్ని నేను ఆఖరుసారి చూడటం.

మాల్టాలో ఎండాకాలమంతా దొర ఉండేవాడు. చలికాలం ఇంగ్లండ్ వెళ్లిపోయేవాడు. ఇక పడవ, నేను. పడవను చూసుకోవడమంటే పాడిబర్రెను సాకినట్టే, ఒక్కరోజు తీరిక ఉండదు. అడుగున చేరే నీళ్లు తోడాలి. కట్టిన తాళ్లు ఒరుసుకుపోకుండా గుడ్డలు చుట్టాలి. గాలివాన వస్తుందంటే ఇంకో తాడు వేయాలి. చెక్కకు వార్నిష్ పూయాలి. ఉప్పు దేన్నీ వదలదు. నేను పడవలోనే వండుకుని పడవలోనే పడుకునేవాణ్ని. అక్కడ చింతపండు దొరక్క నిమ్మకాయతోనే పులుసు కాచుకునేవాణ్ని. చిన్నప్పుడు ఏరుకున్న నిమ్మకాయలు నన్ను అక్కడిదాకా వెంబడించాయి.

ఆ చలికాలం మధ్యలో అక్క ఉత్తరం రాయించింది. బాపుకు పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పడిపోయింది. దవాఖానలో చూపిస్తే ఆ చెయ్యి ఇక లేవదన్నారు. సాంబడు ఎప్పుడొస్తడని రోజూ అడుగుతున్నాడట.

సాంబయ్య అంటే నేనే. దొర వారానికోసారి రేవు ఆఫీసుకు ఫోన్ చేసేవాడు. ఆయనకు సంగతి చెప్పాను. ఈస్టర్ పండుగకు ముందే వచ్చేస్తాను, నువ్వు పెద్ద తెరచాప సిద్ధం చేసి ఉంచు, ఒక్కసారి సముద్రం మీదికి తీసుకెళ్లి చూసి మర్నాడే నిన్ను విమానం ఎక్కిస్తాను అన్నాడు. మాట తప్పే మనిషి కాదు.

తెరచాప ఎండకు పాడయ్యేటప్పుడు గుడ్డ కంటే ముందు దారం పోతుంది. ఆ ఏడు అతుకులన్నీ పిగిలిపోయే స్థితిలో ఉన్నాయి. అన్నీ విప్పి మళ్లీ కుట్టాలి. ఒక్కో అతుకు పూర్తయినప్పుడల్లా బాపుకు కొంచెం దగ్గరైనట్టు అనిపించేది. సగం దాకా వచ్చాను.

అప్పుడొక గాలివాన వచ్చింది. తాడు బిగించబోతే పక్కనున్న ఇనుప తీగ జారి నా కుడి అరచేయి అడ్డంగా కోసుకుపోయింది. అక్కడి దవాఖానలో కుట్లు వేసి కట్టు కట్టారు. చెంచా కూడా పట్టుకోలేని చెయ్యి దబ్బనం ఎలా పడుతుంది? తెరచాప డెక్కు మీద సగంలో అలాగే పడి ఉంది. దాని పక్కన కూర్చుని ఏడ్చాను. నన్ను చూడకుండానే బాపు పోతాడని నాకు భయం పట్టుకుంది.

తర్వాత జ్వరం వచ్చింది. కింది గదిలో ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాను. పక్క పడవకు కావలి ఉండే ముసలాయన సూప్ తెచ్చి తాగించడం మాత్రం లీలగా గుర్తుంది.

జ్వరం దిగిన రోజు పొద్దున, పట్టుకుని పట్టుకుని పైకి ఎక్కాను. ఎండ కాస్తోంది. తెరచాప డెక్కు మీద పరిచి ఉంది. అతుకులన్నీ కుట్టి ఉన్నాయి.

కూర్చుని వేలితో తడిమి చూశాను. నేను కుట్టిన సగం కుడికి వాలి ఉంది. మిగతా సగం ఎడమకు వాలి ఉంది. చివరి అతుకు చివర అంగుళం ఖాళీ. దారం వేలాడుతోంది, దబ్బనం గుడ్డకు గుచ్చి ఉంది.

పక్క పడవ ముసలాయన వచ్చి నన్ను మందలించాడు. అంత జ్వరంలో పని చేస్తావా, వీపు నావైపు పెట్టి కూర్చుని కుడుతున్నావు, పిలిస్తే తిరిగి కూడా చూడలేదు అన్నాడు. నేను కట్టు ఉన్న నా కుడిచేతిని చూసుకున్నాను.

బుద్ధి ఉన్నవాడు ఏమనుకుంటాడో నేనూ అదే అనుకున్నాను. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి జ్వరం మైకంలో ఎడమచేత్తో కుట్టి ఉంటాను, అందుకే కుట్టు అటు వాలింది. ఒళ్లు కుదుటపడ్డాక పాత గుడ్డ మీద ఎడమచేత్తో కుట్టి చూశాను. నాలుగు కుట్లు కూడా తిన్నగా రాలేదు.

ఆ వేలాడే దారాన్ని నేను ముట్టలేదు. దొర చెప్పినదాని కంటే ముందే వచ్చాడు. అతుకులు చూసి మెచ్చుకున్నాడు. చివర్లో ఖాళీ ఎందుకని అడిగితే మా ఆచారం చెప్పాను. అయితే వాడుకునేవాణ్ని నేనే కదా, దబ్బనం ఇటివ్వు అన్నాడు. నేను ఇవ్వలేదు. ఎందుకో మనసొప్పలేదు. తిరిగొచ్చాక చూద్దాం దొరా అన్నాను. ఆయన మరి అడగలేదు. ఆ అంగుళం ఖాళీతోనే సముద్రం మీదికి వెళ్లాం. తెరచాప నిండుగా గాలి పట్టింది. మర్నాడు నన్ను విమానం ఎక్కించాడు.

ఇంటికి చేరేసరికి బాపు పోయి తొమ్మిదో రోజు. టెలిగ్రామ్ ఇచ్చారట, నాకు అందలేదు. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతులకు గాజులు ఇంకా ఉన్నాయి. మర్నాడు తీస్తారు. ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాను.

కాసేపటికి అక్క చెప్పింది.

"పోయే ముందు బాపు ఎడమచెయ్యి లేసిందిరా తమ్మీ. లేవదన్న చెయ్యి. దుప్పటి ఒళ్లకు గుంజుకొని కుట్టినట్టే ఆడిచ్చిండు. మైనం ఇయ్యుమన్నడు. జర అన్నం తిను బాపు అంటే, 'ఆగు బిడ్డ, పోరని పని ఆగింది' అన్నడు."

అవ్వ తలెత్తి మిగతాది చెప్పింది.

"ఆఖరి దినం పొద్దుగాల చెయ్యి కిందవెట్టిండు. 'అయిపోయింది. ఆఖరి కుట్టు సాంబనికి ఇడిసిపెట్టిన' అన్నడు. మాకు సమజ్ కాలే. మల్ల మాట్లాడలే."

నా చెయ్యి తెగిన సంగతి ఇంట్లో ఎవరికీ రాయలేదు. తెరచాప సంగతి అసలే రాయలేదు. అరచేతిలో మచ్చ చూపించి అప్పుడు అన్నీ చెప్పాను. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. అవ్వ మాత్రం నా అరచేతిని తన ఒళ్లో పెట్టుకుని మచ్చను వేలితో తడిమింది.

కర్మలన్నీ అయ్యాక మాల్టా వెళ్లాను. దొర ఆ దారం జోలికి పోలేదు. ఒక మధ్యాహ్నం డెక్కు మీద కూర్చుని దబ్బనం చేతికి తీసుకున్నాను. చాలాసేపు వేయలేకపోయాను. ఇది వేస్తే బాపు చేతిపని ఇక పూర్తిగా ముగిసిపోతుందనిపించింది. చివరికి వేశాను. నా కుట్టు కదా, కుడికి వాలింది. ఎడమకు వాలిన వరస చివర అదొక్కటే కుడికి.

ఆ తెరచాప ఏళ్ల తరబడి పనిచేసింది. దొర పోయాక ఆయన పిల్లలు పడవ అమ్మేశారు, నేను వరంగల్ వచ్చేశాను. ఆ గుడ్డ ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. మైకంలో నేనే కుట్టానని ఎవరైనా అంటే వాదించను. మరి బాపు ఆ మాట ఎందుకన్నాడో వాళ్లు చెప్పాలి. నాకు తెలియదు.

కుట్టు వేసిన తర్వాత మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు అవ్వ గడపలోనే అడిగింది.

"ఏసినవా బిడ్డా?"

"ఏసిన అవ్వా."

"మంచిగ పడ్డదా?"

"పడ్డది."

సరేనని లోపలికి పోయి నాకు అన్నం పెట్టింది. నేను తింటుంటే పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది.