చెవులు పట్టుకున్న డాక్టరు

గల్ఫ్ కూలీలుండే బర్వా అల్ బరాహా క్యాంప్ క్లినిక్‌లో బర్మా డాక్టర్ మ్యో థాంట్ మలుపు తిరిగి వస్తుంటే ముందు ఛాతీ కనిపిస్తుంది, తర్వాతే మనిషి. రంగూన్‌లో కండల పోటీలకు కుర్రాళ్లను తయారుచేసిన తొలితరంవాడు. అరవై దాటినా తెల్లకోటు భుజాల దగ్గర బిగుసుకుపోతుంది. నడుంనొప్పి అన్నవాణ్ని లేపి, కూర్చోబెట్టి చూసిగాని మాత్ర ఇవ్వడు.

ఒకసారి నడుంనొప్పితో వచ్చిన తెలుగు కూలీ నర్సింగ్ వంతు వచ్చింది. అన్‌ఫిట్ అని రాస్తే కంపెనీ ఇంటికి పంపేస్తుందని అతని భయం. "బైఠో, ఉఠో," అంటూ కూర్చుని లేవమన్నాడు డాక్టరు. నర్సింగ్ తలవంచుకుని, చేతులు అడ్డంగా వేసి రెండు చెవులూ పట్టుకుని గుంజీలు మొదలుపెట్టాడు. "గల్తీ అయింది సార్, నొప్పి దాసిపెట్టిన." క్యూలో వాళ్లు నవ్వారు. డాక్టరు నవ్వలేదు. నర్సింగ్ మోచేతులు పైకి లేచాయి, వెన్ను నిటారుగా నిలిచింది. ఇన్నేళ్లూ డాక్టరు కుర్రాళ్లకు నోరు నొప్పిపుట్టేలా చెప్పిన భంగిమ అదే. అన్‌ఫిట్ అని రాయలేదు, రోజూ వచ్చి గుంజీలు తీయమన్నాడు.

నర్సింగ్ నడుం ఎప్పుడో కుదుటపడింది. ఇప్పుడు ప్రతి శుక్రవారం క్లినిక్ వెనక కూలీలంతా గుంజీలకు చేరితే, అందరికంటే ముందు డాక్టరే చెవులు పట్టుకుంటాడు. మొన్న కొత్తగా దిగిన కుర్రాడు జలంధర్ బిత్తరపోయి, "డాక్టర్ సాబ్ ఏం తప్పు జేసిండే?" అని నర్సింగ్‌ను అడిగాడు. గుంజీ ఆపకుండానే డాక్టరు, నర్సింగ్ దగ్గర నేర్చిన వచ్చీరాని తెలుగులో జవాబిచ్చాడు: "లేటొచ్చింది నువ్వు. పట్టుకో చెవులు."