చప్పుళ్ల నడుమ గిడియోన్ అన్న

మా క్వార్టర్ల వరుసలో కడగొట్టు ఇల్లు గిడియోన్ అన్నది. గనిలో బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే హాలేజీ నడిపి రిటైరయ్యాడు. డెబ్బై దాటాక నలుగురు చేరిన చోట నోరు విప్పడం మానేశాడు. మతి తప్పుతోందని వాడకట్టంతా గుసగుసలు. నేను నమ్మలేదు. ఒక్కడే వచ్చి మా అరుగు మీద కూర్చుంటే పాత ముచ్చట్లు పొల్లుపోకుండా చెప్తాడు మరి!

నేనే దవాఖానకు తీసుకుపోయాను. చెవులు పరీక్షించే సుజిత, తలుపులు మూసిన గదిలో చెవులకు యంత్రం పెట్టి మాటలు వినిపిస్తే అన్న అన్నీ తిరిగి చెప్పాడు. వాటికే వెనక సంత గోల కలిపేసరికి తడబడ్డాడు.

"ఏంది బిడ్డా, మతి పోయినట్టేనా?" అని సుజితను అడిగాను.

"కాదవ్వా. చెవులు జరంత తగ్గినయ్, గంతే. గోలల నుంచి మాటను ఏరేది మెదడు. వయసైతే ఆ ఏరుడు నిదానమైతది. తాతకు తెలివి మంచిగున్నది, అందని ముక్కలను తెలిసినదాంతోటి అతుకుతాండు. అందుకే జల్ది అలిసిపోతడు."

"నాకూ పెట్టు, చూస్త!"

వదలకుండా అడిగి ఆ యంత్రం చెవులకు తగిలించుకున్నాను. గోల హోరెత్తింది. అందులోంచి సన్నగా ఒక గొంతు. కళ్లు మూసుకుని పట్టుకున్నాను. తెగిన చోట కుట్టి, అర్థం చేసి నా చేతిలో పెడుతున్నది నా తలకాయేనా? ఇన్నేళ్లు నాకోసం ఇంత చాకిరీ చేస్తుంటే ఒక్కనాడూ ఎరగనే!

ఆ ఆదివారమే అన్న మనవరాలు క్రిస్టినాను అడగడానికి బెల్లంపల్లి నుంచి పిల్లగాడి తండ్రి దయాసాగర్ తన వాళ్లతో వచ్చాడు. తల్లిదండ్రులు లేని పిల్ల, నర్సు కొలువు చేస్తోంది. పిల్లగాడంటే ఇష్టం. తాత ఔనంటేనే ఖాయం. నేనూ వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాను. కూలరు హోరు, వంటింట్లో మిక్సీ, అందరూ ఒకేసారి మాటలు.

"ఏమంటరు కాకా?" దయాసాగర్ మళ్లీ మళ్లీ అడిగాడు. అన్న ఉలకలేదు, పలకలేదు.

"పెద్దాయనకు ఇష్టం లేనట్టున్నది. పోదాం పాండ్రి," అన్నాడు తన వాళ్లతో.

క్రిస్టినా మొహం పాలిపోయింది. నేను లేచి కూలరు ఆపేశాను, మిక్సీ ఆపించాను.

"జర ఊకుండ్రి! ఒక్కొక్కలే, మొహం చూసుకుంట, నిమ్మలంగ మాట్లాడుండ్రి. ఏందన్నా, తలన్న ఊపొచ్చు గద?"

"ఎట్ల ఊపుత చెల్లె? కిందికెల్లి కొట్టే గంట సాఫ్‌గ ఇనబడకుంటె హాలేజీ కదిలియ్యద్దు. కింద మనుషులుంటరు. పిల్ల బతుకు గూడ గంతే. అర్థంగాని దానికి ఔనంటనా?"

దయాసాగర్ చిన్నబోయాడు. కుర్చీ ఆయనకు ఎదురుగా జరుపుకున్నాడు.

"పెండ్లయినంక పిల్ల నర్సు కొలువు మాన్పియ్యం కాకా. మీకు ఇష్టమేనా?"

గిడియోన్ అన్న ఆగాడు. ఆ ఆగడంలో లోపల ఎంత పని నడుస్తోందో తెలిసి, ఆయన మొహమే చూస్తూ ఉండిపోయాను. ఆయన మెల్లగా మనవరాలి వైపు తిరిగాడు.

"నువ్వేమంటవ్ బిడ్డా?"

"ఇష్టమే తాతా."

"అట్లయితే ఔను," అన్నాడు, గది అంతటికీ వినబడేలా.