రెండు చెవుల చెంబు

తొంభైల్లో ఒకసారి దోహా విమానాశ్రయంలో, ఆలస్యమైన విమానం కోసం కూర్చుని, ఎన్నోసార్లు కొట్టేసిన బొమ్మనే మళ్ళీ గీస్తున్నాను. కొచ్చిలోని ఒక యూదు కుటుంబం నన్ను చేసిపెట్టమన్న మట్టి చెంబు అది. రొట్టె తినేముందు చేతులు కడుక్కునేది కాబట్టి రెండు పిడులుండాలి. ఎలా గీసినా పూలకూజాలా వస్తోంది. లేచి తిరిగాను, మళ్ళీ కూర్చున్నాను.

పక్క కుర్చీలో ఉన్నామె కడప మనిషి. దోహాలోనే ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఇంటిపని చేస్తుందట. నా కాగితంలోకి తొంగిచూసింది.

"రెండు చెవులేందక్కా?"

"ఒక చేత్తో పట్టుకుని రెండో చేతిమీద పోసుకుంటారు, తర్వాత చెయ్యి మారుస్తారు. చేతికొక పిడి," అన్నాను విసుగ్గా.

"అంటే పోసేవాళ్ళు లేకపోయినా ఎవురికి వాళ్ళే కడుక్కోవచ్చు. నేను పనిచేసే ఇంట్లో అందరికీ నేనే పోస్తా. నాకు పోసేవాళ్ళు యాడుండారు."

ఆ మాటతోనే లేని చెంబును ఎత్తి, ఎడమచేతిమీద వంచి, చెయ్యి మార్చింది. మారేటప్పుడు ఒక్క క్షణం రెండు చేతులూ దాన్ని పట్టుకునే ఉన్నాయి. ఆ చేతుల మధ్య మిగిలిన ఖాళీని గబగబా గీసుకున్నాను. పొట్టిగా, బొజ్జతో, చెంబులాగే ఉంది. తలెత్తేసరికి ఆమె తన విమానానికి వెళ్ళిపోయింది.

అలాంటి చెంబు మా ఇంట్లోనూ ఒకటుంది. పనికొచ్చే ఆమె అన్నానికి కూర్చుంటే మాత్రం దాన్ని ఆమె చేతికివ్వను. నేనే పోస్తాను.