పెళ్ళికారు రేడియేటరు

పెళ్ళికూతురు లీ-హువాని ఎక్కించుకున్న పాత నల్లకారు వీధి మలుపు దాకా వెళ్ళి, ముందు నుంచి తెల్లటి ఆవిరి వదిలి ఆగిపోయింది. ఆ కారు రేడియేటరు బాగుచేసినవాడు పెళ్ళికూతురి తండ్రి బీన్-హోక్.

తైనాన్ పాత బజారులో ఇత్తడి రేడియేటరు అంటే ఆయన పేరే చెబుతారు. వియ్యంకుడు తన కారుకి కొత్తది వేయిద్దామంటే బీన్-హోక్ ఒప్పుకోలేదు. పాతదాన్నే నీళ్ళతొట్టిలో ముంచి, బుడగలొచ్చిన ప్రతి గొట్టానికీ టంకం పెట్టి, "మనవలు పుట్టేదాకా ఢోకా లేదు బావగారూ" అని మాటిచ్చాడు. ఇప్పుడా మాటే పొగలు కక్కుతోంది. వియ్యంకుడు కారు దిగొచ్చి పక్కనే నిలబడ్డాడు.

బీన్-హోక్ పరుగున వెళ్ళి వంగి చూస్తే టంకం చెక్కుచెదరలేదు. కారు మూతిమీది జాలీకి ఈ చివర నుంచి ఆ చివర దాకా పెళ్ళి ఎర్రకాగితం అతికి ఉంది. గాలి దూరే సందు లేదు. శుభమని పెద్దది తెచ్చి, పొద్దున్నే గంజిరాసి అతికించింది మరెవరో కాదు, రేడియేటరుకి ఏదీ అడ్డం పెట్టొద్దని ఊళ్ళో డ్రైవర్లందరికీ పాఠం చెప్పే బీన్-హోకే. చిరిగితే అశుభం. గోళ్ళతో మెల్లగా ఊడదీసి వెనక డిక్కీకి అంటించాడు.

ఇక నీళ్ళు కావాలి. ఇంటి గుమ్మంలో భార్య సియోక్-గిమ్ ఇంకా పొయ్యని నిండు బేసిన్ పట్టుకుని నిలబడింది. పిల్ల అత్తవారింట కుదురుకోవాలని, పుట్టింటికి మళ్ళకూడదని కారు వెనక పారబోసే నీళ్ళవి. తండ్రి చేత్తో పోయాలి. పొద్దుటి నుంచీ ఆ బేసిన్ని తప్పించుకు తిరిగి, చివరికి తన వల్ల కాదని ఆమె చేతిలో పెట్టాడు. ఇప్పుడు తనే వెళ్ళి లాక్కొచ్చాడు. రేడియేటరు మూతమీద గుడ్డ కప్పి తిప్పి, ఆవిరి పోనిచ్చి, ఇంజను ఆడుతుండగా సన్నటి ధారగా మొత్తం పోసేశాడు.

ఆచారం ప్రకారం వెనక్కి చూడకూడని లీ-హువా కిటికీలోంచి తల బయట పెట్టింది. "సరిపోయాయా నాన్నా?"

"సరిపోయాయి. తల లోపల పెట్టమ్మా."

వియ్యంకుడు డిక్కీ మీది ఎర్రకాగితాన్ని తడిమి చూశాడు. "టంకం కన్నా మీ గంజే గట్టిది బావగారూ."

కారు మలుపు తిరిగింది. సియోక్-గిమ్ మొగుడు తిరిగి తెచ్చిన ఖాళీ బేసిన్‌లోకి చూసింది.

"పారబొయ్యాల్సిన నీళ్ళు కార్లో పోశావు. ఇహ నీ కూతురు అక్కడుంటుందా, నెలకోసారి ఇక్కడ తేలుతుందా?"

"పాతకారు కదా, అప్పుడప్పుడూ తెచ్చి చూపించమన్నాలే."