వానొస్తే ఏం చేస్తారు?

ప్రొఫెసర్ శ్రీరంగప్పగారికి ఒకటే పిచ్చి. మనిషి కనబడితే చాలు, స్టాప్‌వాచ్ నొక్కి, "వానొస్తే మీరేం చేస్తారు?" అని అడిగేవారు. తెలివితేటల్ని కొలవడం ఆయన ఉద్యోగం. ఆ జవాబులు నోటుబుక్కులో రాయడం అటెండర్ ఓబులేసు ఖర్మ. అనంతపురంలో వాన గురించి అడగడమంటే బట్టతలవాణ్ణి దువ్వెన అడిగినట్టే.

సోమందేపల్లె బస్సులో కండక్టర్ని అడిగితే, "వాన సంగతి నాకెందుకు సార్? టికెట్టు యాడికి?" అన్నాడు. టీకొట్టు తిప్పయ్యయితే, "ముందు రానీ సామీ, ఆమీట జెప్తా" అన్నాడు.

ముదిగుబ్బలో ఓ పెళ్ళికి వెళ్ళి పీటల మీది పెళ్ళికొడుకునే అడిగారు. అతగాడు తాళి చేత్తో పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు మొత్తుకున్నాడు.

"పదకొండు సెకన్లు. రాసుకో ఓబులేసూ."

"జనం నవ్వుతాండారు సార్!"

"నవ్వినారని కూడా రాయి."

ఇలా పన్నెండేళ్ళు గడిచాయి. 1987లో కాలేజీ సెక్రటరీ కొత్త రూలు తెచ్చాడు. తొమ్మిదేళ్ళుగా టెంపరరీగా ఊడుస్తున్న మారెక్క పర్మినెంటు కావాలంటే తెలివి పరీక్ష ప్యాసవ్వాలి. తప్పితే ఇంటికే. శ్రీరంగప్పగారిని పక్కన కూర్చోబెట్టి, విదేశీ పుస్తకం ముందు పెట్టుకుని తనే ప్రశ్నలడిగాడు. చివరిది, "వానొస్తే ఏం చేస్తావు?"

"శేనికి పోతా సామీ. గొర్రు కట్టి శెనక్కాయ ఇత్తనం ఏస్తా."

"తప్పు. గొడుగు పట్టుకోవాలి. సున్నా! రెండు మార్కులు తక్కువై ఫెయిల్."

మారెక్క మొహం పాలిపోయింది. ఓబులేసుకు ఏడుపొక్కటే తక్కువ.

"మన నోటుబుక్కులు తే ఓబులేసూ" అన్నారు శ్రీరంగప్పగారు. "పదకొండు వందల నలభైమందిని అడిగినా. గొడుగన్నోళ్ళు నలుగురు. నలుగురూ బయటినుంచి వచ్చిన ఆఫీసర్లే. ఆ పుస్తకం రాసినాయన మన జిల్లా చూడలేదు సార్. ఈడ ఏది సరైన జవాబో ఈడోళ్ళే జెప్పాల."

సెక్రటరీ ఒప్పుకోలేదు. శ్రీరంగప్పగారు సైగ చేయగానే ఓబులేసు మూడో పుస్తకం తీసి గట్టిగా చదివాడు. "సెక్రటరీగారు. నాలుగు సెకన్లు. మిద్దె కారతాది, తపేలాలు పెడతా."

సెక్రటరీ దగ్గి, రెండు మార్కులు వేసి సంతకం పెట్టాడు. ఇన్నాళ్ళూ సారుకు పిచ్చనుకున్నందుకు ఓబులేసు సిగ్గుపడ్డాడు.

ఆ వారమే వాన దంచికొట్టింది. పర్మినెంటైన మారెక్క మొదట చేసిన పని సెలవు చీటీ ఇవ్వడం. కారణం, 'వానొచ్చింది.'

బయటికొస్తే ప్రొఫెసరుగారు ముడిచిన గొడుగు చంకన పెట్టుకుని వాకిట్లో నిలువునా తడుస్తున్నారు. ఓబులేసు నోటుబుక్కుతో వసారాలో నిలబడ్డాడు. మారెక్క ఆయన చేతిలోని స్టాప్‌వాచ్ లాక్కుని నొక్కింది.

"సారూ, వానొస్తే ఏం జేస్తారు?"

"తడుస్తాండా కదమ్మా!"

"రెండు మార్కులు. రాసుకో ఓబులేసన్నా" అని వాచీ అతని చేతిలో పెట్టి, చేనికి పరుగెత్తింది.