మేడ మీద ఇనస్పెట్టరు

మా అవ్వ దృష్టిలో గవర్నమెంటు మనుషులు మూడే రకాలు: చూసేవాడు, రాసేవాడు, పట్టేవాడు. కరెంటు మీటరు చూసుకుని వెళ్ళిపోయేవాడు చూసేవాడు. వాడికి చెంబుడు నీళ్ళు. జేబులో పెన్ను, చంకలో ఫైలు ఉంటే రాసేవాడు. వాడికి కాఫీ. వేలూరులో హెడ్ కానిస్టేబుల్ని అందరూ అరవంలో ఏట్టయ్య అంటారు. అవ్వకు మాత్రం ఆయనా, ఆయన పైవాళ్ళూ కలిపి పట్టేవాళ్ళే. “పట్టేవాడికి ఏమిస్తావవ్వా?” అని నేనడిగితే “దోవ ఇస్తా” అనేది. బస్సులో టికెట్ల చెకింగుకు ఎక్కే ఆయన ఒక్కడే ఆమెకు చిక్కు తెచ్చిపెట్టాడు. చూస్తాడు, రాస్తాడు, పడతాడు కూడా. ఆయన ఎక్కినప్పుడల్లా అవ్వ తన టికెట్టును రెండు చేతులతో హారతి పళ్ళెంలా ముందుకు చాపేది.

మాది కట్టడం పని చేసుకునే ఇల్లు. నాయన మేస్త్రీ. ఇరవై ఏళ్ళు ఒక పెద్ద మేస్త్రీ కింద పనిచేసి, ఆయనతో మాటా మాటా పెరిగి బయటికొచ్చాక, సొంతంగా ఒప్పుకున్న మొదటి ఇల్లు గుడియాత్తంలోది. ఇంటాయన ఆంబూరులో బూట్ల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. సిమెంటు కోసం పర్మిట్ పట్టుకుని తిరిగే కాలం అప్పటికే పోయింది. ఇక లైసెన్సులూ తనిఖీలూ తగ్గిపోతాయని టీవీలో రోజూ చెబుతున్నారు. గుడియాత్తంలో మాత్రం పునాది తీసిన రోజు నుంచీ ఎవరో ఒకరు ఫైలు పట్టుకుని వస్తూనే ఉన్నారు. “ఢిల్లీలో తగ్గించినోళ్ళనంతా ఈడికి పంపించినారా ఏమి?” అని అవ్వ గోడలు తడుపుతూ సణిగేది.

నాయనకు చదువు రాదు. ప్లాను చదివి చెప్పడం నా పని. టైపు పరీక్ష పాసై ఇంట్లో ఖాళీగా ఉన్నాను కాబట్టి రోజూ వేలూరు నుంచి ఆయనతో బస్సెక్కేదాన్ని. ఇంటి పక్కన మూడడుగుల సందు వదలాలని ప్లానులో ఉంది. ఇంటాయన హాలు పెద్దది కావాలన్నాడు. నాయన కాదనలేక మెట్లను బయటికి జరిపాడు. కింది మూడు మెట్లు సందులోకి అడుగు మేర దూసుకొచ్చాయి. “నాయనా, ఇది తప్పు” అన్నాను. “అడుగే గదా పాపా, ఎవడు చూస్తాడు?” అన్నాడు. నేనూ ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం ఇప్పటికీ నాకు నచ్చదు.

కట్టే ఇంటికి దిష్టి బొమ్మ నిలబెట్టడం మా పనివాళ్ళ పద్ధతి. గడ్డి కూరి, పాత బట్టలు తొడిగి, రోడ్డు వైపు మొహం పెట్టి మేడ మీద కట్టేస్తాం. ఈ ఇంటికి ఇంటాయన తన పాత బిస్కెట్ రంగు సఫారీ సూటు ఇచ్చాడు. అది చూడగానే అవ్వకు హుషారొచ్చింది. బొగ్గుతో మీసం దిద్దింది. చంకలో అట్టముక్క ఫైలు, జేబులో ఉత్త పెన్ను మూత పెట్టింది. “ఊరి కంటికి ఎదురు నిలబడాలంటే ఆపీసరే కావాల” అంది. ఆ రోజు నుంచి అది మా ఇనస్పెట్టరు. కూలీలు సాయంత్రం పని దిగేటప్పుడు మేడ వైపు సలాం కొట్టి, “సార్, ఈ పొద్దు పూత ముగిసింది” అని చెప్పిపోయేవాళ్ళు.

గృహప్రవేశం పది రోజులుందనగా మునిసిపాలిటీ నుంచి అసలు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన సంతకం పెడితేనే ఇంట్లో పాలు పొంగేది. మొదటి ఇల్లే ఆగిపోతే రెండో ఇల్లు నాయనకు ఎవరూ ఇవ్వరు. నాయన రాత్రి నిద్రపోలేదు. పొద్దున్నే వెళ్ళి ఆ మూడు మెట్ల మీద రెండు బండ్ల ఇసక పోయించాడు.

ఇన్‌స్పెక్టరు సైకిలు దిగాడు. బిస్కెట్ రంగు సఫారీ. మీసం. చంకలో ఫైలు. తలెత్తి మేడ వైపు చూశాడు. కూలీలు తట్టలు పట్టుకుని ఎక్కడివాళ్ళు అక్కడ నిలబడిపోయారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అవ్వ మాత్రం నిదానంగా పోయి కాఫీ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

“ఎవరమ్మా ఆయన?” అన్నాడు మేడ వైపు చూపిస్తూ. మేల్పాడి పక్క మనిషట, మా తెలుగే.

“మా ఇనస్పెట్టరు నాయనా. శానా మంచోడు. ఏమీ అడగడు. కాఫీ కూడా తాగడు.”

నాయన కళ్ళు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు చేతిలోని లోటా వైపు ఒకసారి చూసుకున్నాడు. మిగిలిన కాఫీ కూడా తాగేశాడు. తర్వాత ఇసక తొక్కుకుంటూ మెట్లెక్కి, దిగుతూ వచ్చి, ఇసక దగ్గర ఆగాడు.

“ఈ మెట్లు యాడికి దిగుతాయి మేస్త్రీ?”

“ఇసకలోకి సార్” అన్నాడు నాయన. పాపం, అంతకంటే ఏమీ తోచలేదు.

ఇన్‌స్పెక్టరు తానే పార తీసుకున్నాడు. టేపు పెట్టి కొలిచాడు. తాపీగా రాశాడు. “మూడు మెట్లు కొట్టేసి వరండా పక్కకు తిప్పండి. బుధవారం వస్తా. సరిగా ఉంటే సంతకం పెడతా” అని సైకిలెక్కబోతూ మళ్ళీ మేడ వైపు చూశాడు. “మీవాడు రోడ్డునే చూస్తా ఉండాడు. పనిని చూసేవాడు ఒకడు ఉండొద్దా మేస్త్రీ?”

ఆయన వెళ్ళాక అవ్వను నాయన తిడతాడనుకున్నాను. ఆయన మాత్రం కూలీలను ఇంటికి పంపేసి, సుత్తి తీసుకుని, ఆ మూడు మెట్లూ తానే కొట్టాడు. ఆయన్ను అలా చూడలేక నేను పెళ్ళలు ఏరిపోశాను. “నువ్వు చెప్పినావు పాపా” అన్నాడు చివరికి. బుధవారం సంతకం పడింది. ఆ రోజు కూడా ఇన్‌స్పెక్టరు కాఫీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. అవ్వ ఆశ్చర్యపోయి రెండో లోటా ఇచ్చింది.

రెండో ఇల్లు కనియంబాడిలో దొరికింది. అక్కడి నుంచి నాయన కట్టిన ప్రతి ఇంటి మీదా రెండు బొమ్మలు. ఒకటి రోడ్డు వైపు, ఒకటి లోపలికి. ఇదేం వింతని ఇళ్ళవాళ్ళు అడిగితే, “బయటిది ఊరోళ్ళకి. లోపలిది నాకు” అనేవాడు. ఆ లోపలి బొమ్మ జేబులో పెన్ను పెట్టే పని నాకిచ్చాడు. ఒకసారి అవ్వలాగే ఉత్త మూత పెట్టి దిగొచ్చాను. నాయన నిచ్చెనెక్కి చూసొచ్చి, రాసే పెన్ను తెమ్మని నన్ను కొట్టుకు పంపించాడు.